నాలుగో బొమ్మ

ఫిబ్రవరి 9

ఫైలు పని మొదలుపెట్టాను. పదిహేను పేజీలు మించకూడదట, మించితే సభ్యులు చదవరట. మించకపోతే మాత్రం బుద్ధిగా కూర్చుని చదివేస్తారు కాబోలు! అకాడమీ ఫెలోషిప్‌కి నా పేరు ప్రతిపాదించింది సార్. ఎనభై దాటినా ఆయన మాటకి ఇంకా తిరుగులేదు. "నువ్వు నోరు తెరిచి అడగవు, ఎవరో ఒకరు వెనకనుంచి తోయాలి కదమ్మా" అన్నారు ఫోన్లో. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన రోజుల్లోనూ ఇదే మాట అనేవారు. తోయించుకోవడం నాకూ బాగానే ఉంది.

ఇన్నేళ్ళలో రాసిన పేపర్లన్నీ వరసగా పెట్టాలి. వాటిలో అయిదు మేలైనవి ఎంచి, ఒక్కొక్కదాని కిందా లోకం మీద దాని ప్రభావం ఏమిటో ఒక పేరా రాయాలి. నాలుగింటి సంగతి తర్వాత చూసుకోవచ్చు. మొదటిది ఏదో ఎవర్నీ అడగక్కర్లేదు. మాత్ర పేపరు. పదహారు వందల మందికి పైగా తమ పేపర్లలో దాన్ని పేర్కొన్నారు. నా మిగతా పేపర్లన్నీ కలిపినా అందులో సగం రావు. డిపార్ట్‌మెంటులో వెనకాల నన్ను మాత్రమ్మ అంటారని తెలుసు. ముందర అన్నా నేనేమీ అనుకోను, పిలుపు బాగానే ఉంది.

ఫిబ్రవరి 11

ప్రభావం పేరా రాయలేదు. రేపు.

ఫిబ్రవరి 12

రేపు.

ఫిబ్రవరి 14

రాశాను. సిగ్గుపడుతూనే మూడుసార్లు చదువుకున్నాను. వేరే జబ్బుకి ఎప్పట్నుంచో వాడుతున్న చవక మాత్ర ఒకటి ఎలకల్లో క్యాన్సర్ పాకకుండా ఆపుతుందని మొదట చూపించింది మేమేనని, దాంతో కొత్త దారి తెరుచుకుందని, ఆ ధోరణిలో. ఈయనకి చూపించాను. రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో బిగించడానికి స్క్రూలు మిగల్లేదు, ఇప్పుడు నా వాక్యాలు బిగిస్తున్నారు.

"ఎవరెవరు నీ పేపరు గురించి ఏమన్నారో మూడు మాటలు ఎత్తి రాయమన్నారుగా, అవేవి?"

"పెడతాను. పదహారు వందల్లో మూడు దొరకవా?"

"అసలు నీ పేపరు నువ్వు చివరిసారి ఎప్పుడు చదివావు?"

ఏం ప్రశ్న! కన్నతల్లిని పట్టుకుని నీ బిడ్డ మొహం ఎప్పుడు చూశావని అడిగినట్టుంది. చదివి పదేళ్ళు దాటే ఉంటుంది. ఆయనకి ఆ మాట చెప్పలేదు.

ఫిబ్రవరి 16

మాటలు ఏరడానికి కూర్చున్నాను. మొదట తెరిచిన పేపరులో "ఈ మాత్ర క్యాన్సర్ వ్యాప్తిని అరికడుతుందని రుజువైంది" అని, దాని పక్కన మా పేపరు వివరాలు. మురిసిపోయాను. రెండోదాంట్లో అదే వాక్యం. మూడోదాంట్లో "అరికడుతుందని" తీసి "నివారిస్తుందని" పెట్టారు, అంతకుమించి ఒళ్ళు వంచలేదు. అలా ఒక ఇరవై చూశాను. ఇరవై మంది వేరువేరు చోట్ల కూర్చుని ఒకే వాక్యం రాశారంటే నా పేపరు మహిమ అనుకుందామా అంటే, ఇంకోటి కనిపించింది. మా పేపరు ఆ పత్రికలో 411వ పేజీలో మొదలవుతుంది. వీళ్ళలో ఎక్కువమంది 441 అని వేశారు. ఒకరు పొరపాటు పడొచ్చు. ఇంతమంది ఒకే పొరపాటు పడ్డారంటే పేపరు తెరవకుండా ఒకరి దాంట్లోంచి ఒకరు ఎత్తుకున్నారనే అర్థం.

వెనక్కి వెతుక్కుంటూ పోయాను. మొట్టమొదట 441 అని పడింది సార్ రివ్యూలో. మా పేపరు వచ్చిన మరుసటి ఏడాది ఆయన రాసిన పెద్ద వ్యాసం అది, అప్పటిదాకా ఈ రంగంలో జరిగిన పనంతా ఒకచోట చేర్చింది. అందరూ దాన్నే చదివారు. అందులో మా పని గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. పైన రాసిన ఆ వాక్యమే.

అప్పుడు మా పేపరు తెరిచాను.

మొదటి మూడు బొమ్మలూ నాకు గుర్తున్నవే. నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయాను. అప్పటికే కాలేయానికి క్యాన్సర్ పాకిపోయిన ఎలకలకి మాత్ర వేస్తే ఏమైందో చూపించే గీతలవి. మాత్ర వేయనివాటికంటే వేసినవాటిలో గడ్డలు తొందరగా పెరిగాయి. కాస్తో కూస్తో కాదు, దాదాపు రెట్టింపు. బొమ్మ కింద రెండు పేరాలు, నా వాక్యాలే. పాకక ముందు మొదలుపెడితే ఈ మాత్ర ఆపుతోంది, పాకాక మొదలుపెడితే ఎగదోస్తోంది, వాడబోయేవాళ్ళు ఈ తేడా గమనించాలి అని. అచ్చులో పదిహేనేళ్ళుగా ఉంది. నేను చూసినంతలో దీన్ని ఎత్తినవాళ్ళు ఇద్దరు.

తప్పు నాది కాదు. రాయాల్సింది నేను రాశాను.

ఫిబ్రవరి 17

తప్పు నాది కాదు. ముందు ఫైలు పంపేద్దాం, గడువు మార్చి పది. ఫెలోషిప్ సంగతి తేలాక మిగతాది తీరిగ్గా చూసుకోవచ్చు. అప్పుడైతే నా మాటకి బరువు కూడా ఉంటుంది. మూడు మాటలూ ఏరి పెట్టాను. మూడూ ఒకే మాట.

ఫిబ్రవరి 20

పిచ్చుక వచ్చింది. నా దగ్గర చదువుకున్న రోజుల్లో ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదు, ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఇప్పుడు పెద్దాస్పత్రిలో క్యాన్సర్ డాక్టరు, వెనకాల నలుగురు జూనియర్లు పరిగెడుతుంటారు. అయినా ఇప్పటికీ కుర్చీ అంచునే కూర్చుంటుంది.

"మేడమ్, కాదనకూడదు. మార్చి ఇరవై ఒకటి. ముఖ్య అతిథి మీరే."

కార్డు చేతిలో పెట్టింది. మా మాత్ర మీద ట్రయల్ మొదలుపెడుతోందట. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి అనుమతులన్నీ తెచ్చుకుంది. రెండు వందల మంది రోగులు. అందరికీ మామూలు వైద్యం నడుస్తుంది, సగం మందికి దాంతో పాటు ఈ మాత్ర కూడా ఇస్తారు.

"ఎలాంటి రోగులు?" అన్నాను.

"కాలేయానికి పాకినవాళ్ళు మేడమ్. వాళ్ళకే కదా ఇంకే దారీ లేనిది. మీ పేపరు లేకపోతే నాకీ ఆలోచనే వచ్చేది కాదు."

ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. నాలుగో బొమ్మ చూశావా అని అడుగుదామనుకున్నాను. ఈలోపు ఈయన కాఫీ పట్టుకొచ్చారు. చల్లారిపోతుంది తాగమన్నాను. కార్డు బాగుందన్నాను. తప్పకుండా వస్తానన్నాను.

ఫిబ్రవరి 21

కాఫీ వల్ల కాదు.

ఫిబ్రవరి 22

పొద్దున్నే ఫోన్ చేసి అడిగేశాను. 

"నాలుగో బొమ్మా... సారాంశం చదివాను మేడమ్. రివ్యూలు చదివాను. మీరు చెప్పేది నిజమైతే వేరేవాళ్ళకి తెలియకుండా ఉంటుందా? ట్రయల్‌కి అనుమతిచ్చే కమిటీకి నలభై పేపర్లు చూపించాం, అన్నీ ఆపుతుందనే అంటున్నాయి."

"ఆ నలభై మందిలో పాకిన ఎలకలకి మాత్ర వేసి చూసినవాళ్ళు ఎంతమంది?"

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. చాలాసేపు తిరగేసింది. నేను ఫోన్ పెట్టలేదు.

"ఎవరూ లేరు మేడమ్" అంది చివరికి. "అందరూ మీ పేపరే పేర్కొన్నారు."

"అది నలభై పేపర్లు కాదమ్మా. ఒక్క పేపరు, నలభైసార్లు."

"మీరు రాసివ్వండి, కమిటీ ముందు పెడతాను. కానీ మేడమ్, వాళ్ళు ముందు చూసేది పేపరు పేరు. పేరేమో ఆపుతుందనే చెప్తోంది కదా."

ఆ మాట నిజం. అసలు మేము పెట్టిన పేరు "పాకక ముందు ఇస్తే క్యాన్సర్ వ్యాప్తిని ఆపే మాత్ర, పాకాక ఇస్తే పెంచుతుంది" అన్న అర్థం వచ్చేలా ఉండేది. పేరు మరీ పొడుగైంది, ఇన్ని అక్షరాలు దాటకూడదని పత్రికవాళ్ళు వెనక్కి పంపారు. సార్ పెన్ను తీసి ముందు సగం పొట్టి చేసి, వెనక సగం కొట్టేశారు. మిగతాది లోపల ఉందిగా అమ్మా, చదివేవాడు చదువుకుంటాడు అన్నారు. ఆయన ఎంత మంచి ఉద్దేశంతో అన్నారో నాకు తెలుసు. చదివేవాడు ఉంటాడనే మేమందరం అనుకున్నాం.

కమిటీకి ఉత్తరం రాసి పంపాను. అది చాలదు. పేరు మార్పిస్తాను.

ఫిబ్రవరి 28

పత్రిక సంపాదకుడి దగ్గర్నుంచి జవాబు. మీ పేపరులో తప్పేమీ లేదు కాబట్టి సవరణ వేయడం కుదరదు, ఇతరులు అపార్థం చేసుకుంటే దానికి పత్రిక బాధ్యత వహించదు అని.

చదివి ఒళ్ళు మండిపోయింది. తప్పు రాసి ఉంటే ఈపాటికి చక్కగా సవరించేవాళ్ళు. ఒప్పు రాయడం వల్ల ఇరుక్కున్నాను! ఈయనకి చదివి వినిపిస్తే నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయారు. అక్కడినుంచే "పేరులో సగం లేకపోవడం తప్పు కాదా అని అడుగు" అని అరిచారు. నేనూ అదే రాద్దామనుకుంటున్నానని అరిచాను. నిజంగానే అనుకుంటున్నాను.

మార్చి 2

సంపాదకుడు మెత్తబడ్డాడు. పేరు అసంపూర్తిగా ఉందని రచయితలు ముగ్గురూ సంతకం పెడితే సవరణ అచ్చు వేస్తామన్నాడు.

ముగ్గురం అంటే నేను, సార్, మూడో రచయిత. మూడో రచయిత అప్పట్లో ఎలకల పని మొత్తం తన చేతుల మీద నడిపినవాడు. పరిశోధన మానేసి ఫర్నిచర్ షాపు పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే ముందు నేను సోఫా కోసం చేశాననుకున్నాడు.

"నేనింకా రచయితనేనా అక్కా? ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పు. నాలుగో బొమ్మ ఎలకలు నాకు బాగా గుర్తు. పాపం, పంజరం తెరిచేసరికి కదల్లేకపోయేవి."

గంటలో సంతకం పెట్టి పంపాడు. మిగిలింది సార్. ఆయన పెట్టకుండా ఎలా ఉంటారు?

మార్చి 4

సార్ ఇంటికి వెళ్ళాను. మేడ మీద గదిలో భూతద్దం పెట్టుకుని ఎవరిదో థీసిస్ చదువుతున్నారు. మనిషి సగమైపోయారు, గొంతు మాత్రం అదే.

"సంతకానికి వచ్చావా, పోట్లాటకి వచ్చావా?"

"ముందు సంతకానికి సార్. కుదరకపోతే రెండోదానికి."

నవ్వారు. కుర్చీ చూపించారు. నేను పట్టుకెళ్ళిన కాగితం భూతద్దం కింద పెట్టి మొదటినుంచీ చివరిదాకా చదివారు. మళ్ళీ చదివారు.

"నీ పేపరులో తప్పుందా?"

"లేదు సార్."

"నా రివ్యూలో ఉందంటావు."

"ఉంది సార్."

ఇన్నేళ్ళలో ఆయనతో ఈ మాట నేను అనలేదు. ఆయన కోప్పడితే బాగుండేది. కిటికీ వైపు తిరిగారు.

"నాలుగో బొమ్మ నాకు తెలియక కాదమ్మా. నాలుగు వందల పేపర్లు ముప్ఫై పేజీల్లో ఇరికించాలి. ఒక్కొక్కదానికి ఒక్క వాక్యం దక్కింది."

"మాకు సగమే దక్కింది."

"ఇప్పుడు పేరు మారిస్తే ప్రతివాడూ వెనక్కి తిరిగి నా వాక్యం చూస్తాడు. నేను పోయాక మిగిలేది ఆ రివ్యూ ఒక్కటే. నా పేపర్లు ఎవరికి గుర్తున్నాయి? సరే, నా సంగతి వదిలెయ్. నీ ఫెలోషిప్ ఏప్రిల్లో తేలిపోతుంది. అందాకా ఆగు. ఫెలోవి అయ్యాక చెప్పు, నీ మాటకి బరువుంటుంది."

ఫిబ్రవరి పదిహేడున నేను రాసుకున్న మాటే అది, అక్షరం పొల్లుపోలేదు. ఆయన నోట వింటుంటే ఎంత అసహ్యంగా ఉందో.

"ఇరవై ఒకటి నుంచి మాత్ర మొదలుపెడతారు సార్. మనుషులకి."

"ఎలకల్లో పెరిగింది కాబట్టి మనుషుల్లోనూ పెరుగుతుందని ఏముంది?"

"ఎలకల్లో ఆగింది కాబట్టి మనుషుల్లోనూ ఆగుతుందని ఏముంది? దాన్ని నమ్మే కదా ఇవ్వబోతున్నారు. ఒక ఎలకని నమ్మి ఇంకో ఎలకని నమ్మకపోతే ఎలాగ సార్?"

ఆయన థీసిస్ పేజీ తిప్పారు. కాఫీ తాగి వెళ్ళమన్నారు. తాగకుండానే వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. ఆయనంటే నాకు ప్రాణం, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మార్చి 7

కమిటీ నా ఉత్తరం చూసిందట. రచయిత్రి అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం, మొదటి యాభై మందికి ఇచ్చి చూశాక చర్చిద్దాం అన్నారట. అభిప్రాయమట! యాభై మంది!

మార్చి 10

ఫైలు గడువు ఈ రోజే. ప్రభావం పేరా చెరిపేసి మళ్ళీ రాశాను. "ఈ పేపరుని పదహారు వందల మందికి పైగా పేర్కొన్నారు. వాళ్ళలో చాలామంది దీన్ని చదవలేదని నమ్మడానికి కారణాలున్నాయి. ఇది చెప్పినదానిలో సగమే ప్రచారమైంది. మిగతా సగం తెలియకపోవడం వల్ల రోగులకి హాని జరిగే ప్రమాదముంది. ప్రస్తుతం దీని ప్రభావం ఇది." అంతే.

ఈయన చదివారు. ఒక్క వాక్యం కూడా బిగించలేదు.

"ఇది పంపితే ఇస్తారా?"

"ఇవ్వరు."

"మరి?"

"మరేముంది, పంపెయ్యండి."

నొక్కారు. వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే ఫెలోషిప్ నాకు కావాలి. చాలా కావాలి. అయినా పంపాను.

మార్చి 14

పిచ్చుక ఫోన్.

"సభలో ఏం మాట్లాడబోతున్నారు మేడమ్?"

"బొమ్మ చూపిస్తాను."

"రెండేళ్ళు మేడమ్. రెండేళ్ళ నా కష్టం. అందరి ముందూ..."

"తెలుసమ్మా. నువ్వు వద్దంటే రాను, కార్డు వెనక్కి పంపేస్తాను. వస్తే మాత్రం చూపించకుండా ఉండను."

పెట్టేసింది.

మార్చి 16

ఫోన్ లేదు. స్లయిడ్లు తయారు చేశాను. ఒకటే స్లయిడు.

మార్చి 18

పిచ్చుక నుంచి మెసేజి. "రండి." ఆ ఒక్క ముక్కే.

మార్చి 21

ఆస్పత్రి పెద్ద హాలు. ముందు వరసలో కమిటీ చైర్మన్, ఇద్దరు సభ్యులు, సార్. ఆయన వస్తారనుకోలేదు. వెనక వరసల్లో మొదటి విడతకి ఎంచుకున్న రోగులు, వాళ్ళవాళ్ళు. వాళ్ళని పిలుస్తారనీ అనుకోలేదు. వాళ్ళని చూడగానే రాసుకొచ్చిన మొదటి నాలుగు వాక్యాలూ పనికిరావని తెలిసింది. కొట్టేశాను.

పిచ్చుక నన్ను పరిచయం చేసింది. పదహారు వందల సంగతి చెప్పింది. చప్పట్లు. నేను నాలుగో బొమ్మ తెర మీద పెట్టాను. ఎర్ర గీత మాత్ర వేసిన ఎలకలు, నల్ల గీత వేయనివి అని చెప్పాను. ఎర్ర గీత పైకి పోతోంది, పైకి పోవడమంటే గడ్డ పెరగడమని చెప్పాను. ఇవి అప్పటికే కాలేయానికి పాకిన ఎలకలని చెప్పాను. ఈ బొమ్మ మీరందరూ మెచ్చుకునే ఆ పేపరులోనే ఉందని చెప్పాను.

చైర్మన్ లేచారు. "మేడమ్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంతమంది శాస్త్రవేత్తలు ఇన్నేళ్ళుగా పొరబడ్డారంటారా?"

"పొరబడలేదండీ, చదవలేదు. మా పేపరు 411వ పేజీలో ఉంది. వాళ్ళు 441 అని వేశారు. ఒక్కరు ఆ పేజీ తెరిచినా కప్ప చర్మం గురించి ఎవరో రాసిన పేపరు కనిపించేది."

హాలంతా నవ్వింది. సార్ నవ్వలేదు. నా వైపే చూస్తున్నారు, ఎప్పుడో నా మొదటి సెమినార్‌లో చూసినట్టు.

చైర్మన్ ఇంకేదో అనబోయారు. పిచ్చుక మైకు దగ్గరికి వచ్చింది. "నేను కూడా చదవలేదు సార్" అంది. "సారాంశం చదివి ఆగిపోయాను. తర్వాత ఈ వారమంతా చదివాను. పాకినవాళ్ళకి ఈ మాత్ర నేను ఇవ్వలేను. ట్రయల్ ఆపమని నేనే కమిటీని అడుగుతున్నాను." చెప్పి నా పక్కన కుర్చీలో కూర్చుంది, ఈసారి అంచున కాదు, కూలబడింది. నేను చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. అరగంట గుసగుసల తర్వాత చైర్మన్ ట్రయల్ నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు.

గెలిచాననే అనుకున్నాను. అయిదు నిమిషాలు అలా అనుకున్నాను.

జనం లేస్తుంటే వెనక వరసలోంచి ఒకావిడ వచ్చింది. నలభై ఉంటాయేమో. బడి పిల్లలకి యూనిఫారాలు కుడుతుందట. మొదటి విడతలో మొదటి పేరు ఆవిడదే.

"అయితే నాకు మాత్ర ఇవ్వరా?"

"ఇవ్వరమ్మా. అది మీ మంచికే."

"అంత గట్టిగా చెప్పగలరా?"

"ఎలకల విషయంలో చెప్పగలను."

"నేను ఎలకని కాదుగా మేడమ్" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "సరే, అది మంచిది కాదు. మంచిదేది మరి? మా డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచి ఈ రోజు కోసమే చూస్తున్నాను. పాకక ముందు మాత్ర ఇస్తే ఆగుతుందన్నారు, బాగుంది. పాకినవాళ్ళ సంగతేమిటి? దాని మీద మీరేమీ చెయ్యలేదా?"

చెయ్యలేదు. నాలుగో బొమ్మ గీసి, జాగ్రత్త అని రెండు పేరాలు రాసి, మొదటి మూడు బొమ్మల వెంట పడ్డాను. క్యాన్సర్ ఆగిన ఎలకల మీద ఎనిమిది పేపర్లు రాశాను. ఆగని ఎలకలు ఎందుకు ఆగలేదో నేను కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడకి ఇదంతా చెప్పలేదు. లేదమ్మా అన్నాను.

ఆవిడ నా ఫోన్ నంబరు అడిగి తీసుకుంది. ఏదైనా దొరికితే ముందు తనకే చెప్పాలంది.

మార్చి 24

సార్ సంతకం వచ్చింది. ఉత్తరం లేదు, పలకరింపు లేదు. కింద మాత్రం ఆయన చేత్తో "రెండో వాక్యంలో కామా ఒకటి ఎక్కువైంది, తీసేశాను. నా రివ్యూకి సవరణ నేనే రాసుకుంటున్నాను, నువ్వు వేలు పెట్టకు" అని ఉంది. చదివి పెద్దగా నవ్వాను, ఆ తర్వాత చాలాసేపు ముక్కు చీదుకున్నాను. ఈయన ఏమైందని అడిగితే కామా అన్నాను.

ఏప్రిల్ 15

ఫెలోషిప్ జాబితా వచ్చింది. నా పేరు లేదు. బాధగా ఉంది. ఉండదని ముందే తెలిసినా బాధగానే ఉంది. ఈ పూట ఎవరితోనూ మాట్లాడను.

ఏప్రిల్ 16

పిచ్చుక వచ్చింది. చేతిలో మా పేపరు, నిండా రంగు గీతలు. ఆపరేషన్‌కి ముందు, ఇంకా పాకనివాళ్ళతో ట్రయల్ మళ్ళీ రాసుకుంటుందట. ఈసారి నన్ను ముఖ్య అతిథిగా పిలవదట. రెండో బొమ్మలో గీత మధ్యలో ఎందుకు తెగిందని నిలదీసింది. అది మూడో రచయిత సెలవు పెట్టిన వారం, ఆ వారం కొలతలు లేవు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఇది.

కుట్టుపని ఆవిడ కూడా ఫోన్ చేసింది. "ఏమైనా దొరికిందా?"

"ఇంకా లేదమ్మా."

"సరే, వచ్చే బుధవారం చేస్తాను."

ఏప్రిల్ 23

చేసింది. లేదన్నాను.

ఏప్రిల్ 30

చేసింది. లేదని చెప్పడానికి నోరు రాలేదు. చూస్తున్నానన్నాను. "చూడ్డమంటే?" అంది. వచ్చే బుధవారం చెప్తానన్నాను.

మే 2

ఆగని ఎలకల పని మళ్ళీ మొదలుపెడతానని డైరెక్టరుకి రాశాను. రిటైర్మెంటుకి నాలుగేళ్ళుంది, ఇప్పుడు కొత్త పని ఎందుకు, పాత పేపర్లన్నీ కలిపి పుస్తకం వేసుకోవచ్చు కదా అన్నాడు. పుస్తకం నా వల్ల కాదు, ఎలకలు కావాలన్నాను. రెండు గదులు అడిగితే ఒక గది ఇచ్చాడు. కిటికీ లేని గది. ఫరవాలేదు, ఎలకలకి కిటికీ అక్కర్లేదు.

మే 7

"చూడ్డమంటే ఏమిటో ఈ రోజు చెప్తాను" అని ఆవిడకి మొత్తం చెప్పాను. పాకిన చోట ఆ మాత్ర దేన్ని రెచ్చగొడుతోందో ముందు కనుక్కోవాలి, అది తెలిస్తే దాన్ని అణిచే మందు వెతకొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు, అసలు దొరక్కపోవచ్చు. ఆవిడ అంతా విని, "ఏళ్ళంటే నాకు కష్టం" అంది మామూలుగా. "అయినా మొదలుపెట్టండి. నాలాంటివాళ్ళు ఇంకా వస్తూనే ఉంటారుగా."

మే 14, 21, 28

చేసింది. చేసింది. చేసింది. మిషను తొక్కుతూనే మాట్లాడుతుంది, ఆ చప్పుడు వినిపిస్తుంది.

జూన్ 3

మొదటి విడత ఎలకలు వచ్చాయి. మూడో రచయిత షాపు మూసి సాయానికి వచ్చాడు. చేతి ఒడుపు ఏమీ తగ్గలేదు. పంజరాలు పెట్టుకోవడానికి వాళ్ళ షాపు అరలు రెండు తెచ్చిపడేశాడు.

జూన్ 4

బుధవారం. ఫోన్ రాలేదు.

జూన్ 5

రాలేదు. పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఈయన చూసి, "చేసెయ్, ఏదైతే అదవుతుంది" అన్నారు. అదేమిటో వినడానికే భయం.

జూన్ 6

చేశాను. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుంటే ఎత్తింది. గొంతు బాగా నీరసంగా ఉంది. మిషను చప్పుడు లేదు.

"జ్వరం తగిలి ఆస్పత్రిలో పడేశారు మేడమ్. ఇంకో వారం ఉండాలంట. ఏంటి, ఏమైనా దొరికిందా?"

"లేదమ్మా. ఎలకలు వచ్చాయి. ఈ రోజే మొదటి మోతాదు వెయ్యాలి."

"వేశారా?"

"ఇంకా లేదు. ముందు మీకు ఫోన్ చేశాను."

"మీకేమన్నా పిచ్చా? అంత పని పెట్టుకుని నాతో కబుర్లేంటి! పొండి, పోయి వెయ్యండి" అని గట్టిగా కసిరి పెట్టేసింది.

వెళ్ళి వేశాను.